కాలి కింద కాగితం

మా రేవులో పిల్లనెత్తుకుని పడవ దిగే ఆడమనిషికి చేతులు వెంటనే ఖాళీ అయిపోతాయి. అడుగు గట్టు మీద పడకముందే ఎవరో ఒకరు చేతులు చాపి, "ఇలా ఇయ్యండి" అంటారు. ఇవ్వకపోతే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఎవరింటికి వెళ్లినా అంతే. గుమ్మంలో ముందు పిల్లని అందుకుంటారు, ఆ తరవాతే మనకి మంచినీళ్లు. పిల్ల నేల మీద ఉంటే ఆ ఇంట్లో మనుషులు లేరా అని అడుగుతారు.

మాది గన్నవరానికి అవతల, పాయ దాటి వెళ్లాల్సిన లంక. ఏడో ఏడు వచ్చేదాకా నా కూతురు ఆ లంకలో ఒక చంక మీంచి ఇంకో చంక మీదకి మారుతూ పెరిగింది. తనకి కాళ్లు పనిచేయవు. నడుము దగ్గర పట్టుకుంటే తప్ప కూర్చోలేదు. మాట ఆలస్యంగా, సాగదీసినట్టు వస్తుంది, కానీ వస్తుంది. ఇంతమంది మోసిన పిల్ల మా చుట్టుపక్కల ఇంకొకతి లేదు. అందుకు దేవునికి వందనాలు చెప్పుకోని రోజు లేదు.

అమలాపురం ఆసుపత్రిలో పుట్టినప్పుడు తను ఏడవలేదు. వెంటనే తీసుకెళ్లి గాజు పెట్టెలో పెట్టారు. తను ఏడిచేదాకా నేను ఏడవకూడదని అనుకున్నాను. కొన్నాళ్లకి నర్సమ్మ వచ్చి పాప ఏడిచిందని చెప్పింది. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. అదేదో గట్టిదనం అని కాదు. లోపల ఒక చోటుంటుంది కదా, ఎవరైనా మంచి మాటో చెడ్డ మాటో అంటే కదిలేది, అది మొద్దుబారిపోయింది.

ప్రార్థన మాత్రం మానలేదు. అది ఇంట్లో నేర్చిన అలవాటు. ఉబ్బసం వల్ల నన్ను పాయ దాటించి బడికి పంపలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టుకుని, బైబిలు వాక్యం ముందు పెట్టి అక్షరాలు నేర్పారు. దిద్దడం అయ్యాక, ఆ పూట దేవుడు ఇచ్చినవాటిలో ఒకదాన్ని పలక మీద రాయమనేవారు. నీళ్లు అని రాసేదాన్ని. గంజి అని రాసేదాన్ని. ఆయాసం తగ్గిన రోజున ఊపిరి అని రాసేదాన్ని. ఇప్పటికీ వాకిలి ఊడుస్తూ, అంట్లు తోముతూ అలాగే చెప్పుకుంటాను. ఉతికిన బట్టలు మడతపెట్టి బీరువాలో సర్దినట్టు ఒక్కొక్కటీ చెప్పి పక్కన పెడతాను. మనసు కదిలిందా లేదా అని చూసుకోను.

పిల్ల పెద్దదవుతుంటే బరువు కూడా పెరిగింది. మావారు కొబ్బరికాయల ఒలుపుకి వెళ్తారు, తెల్లారి వెళ్తే చీకటి పడుతుండగా వస్తారు. పగలంతా నేనూ మా అత్తగారే. అన్నం పెట్టడం, నీళ్లు పోయడం ఎలాగో అయ్యేవి. లంగా మార్చడమే అయ్యేది కాదు. ఎడం చేత్తో తనని గాలిలో ఎత్తి పట్టుకోవాలి, కుడి చేత్తో తడి లంగా లాగాలి, పొడిది తొడగాలి. ఆ సమయానికి తన కాళ్లు కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి బిగుసుకునేవి. నా ఎడం చెయ్యి భుజం నుంచి వేళ్లదాకా తిమ్మిరెక్కేది. పట్టుకున్నానో జారవిడిచానో చూస్తే గాని తెలిసేది కాదు. రోజుకి ఎన్నిసార్లు మార్చాలో పిల్లల్ని పెంచినవాళ్లకి చెప్పక్కర్లేదు.

గన్నవరంలో బడి పక్క గదిలో ఇలాంటి పిల్లలకి ఎక్సర్‌సైజులు చేయించడానికి గురువారం గురువారం ఒక మేడమ్ వస్తారని తెలిసి తీసుకెళ్లాను. ఆవిడది కొత్తపేట వైపు. నాకంటే చిన్నది. గదిలో ఒక పరుపు, పెద్ద రబ్బరు బంతి, గోడకి ఒక కడ్డీ ఉన్నాయి. అప్పటిదాకా మేం చూపించుకున్న వాళ్లందరూ ముందుగా, నిలబడుతుందా, నడుస్తుందా అని అడిగేవారు. ఆవిడ ఇంట్లో నాకు అన్నిటికన్నా కష్టంగా ఉన్న పని ఏమిటని అడిగారు. లంగా మార్చడం అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పాప కాళ్లు, నడుము, మెడ, వేళ్లు అన్నీ నెమ్మదిగా వంచి చూసి, పరుపు మీద నా ఎదురుగా కూర్చున్నారు.

"నడక సంగతి నేను మాటివ్వలేనక్కా. అది రాకపోవచ్చు. కానీ మీరు లంగా మార్చేంతసేపు ఏదన్నా పట్టుకుని తన కాళ్ల మీద తను నిలబడిందనుకోండి, మీరు పెద్దవాళ్లయ్యేక కూడా ఈ పిల్లని మీరే చూసుకోగలరు. మనం దానికోసం చేద్దాం."

ఆయ్, అన్నాను. ఆ మాట విన్న తల్లులు అక్కడ ఏడుస్తారు కాబోలు, ఆవిడ ముందే నీళ్ల సీసా మూత తీసి నా వైపు జరిపారు. ఇచ్చారు కదా అని తాగాను. నిలబడాలి, లంగా మార్చేంతసేపు. దారంతా ఆ ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను, సరుకులు తెమ్మంటే గుర్తుపెట్టుకున్నట్టు.

ఆవిడ చెప్పిన పద్ధతి చాలా సులువు. ఇంట్లో ఎవరు ఎత్తుకున్నా ఊరికే ఎత్తుకోకూడదు. ముందు పాదాలు నేలకి ఆనించి నిలబెట్టాలి, బరువు కాళ్ల మీద పడాలి, ఆ తరవాతే ఎత్తుకోవాలి. రోజంతా ఎత్తుకుంటూనే ఉంటారు కాబట్టి అదే ఎక్సర్‌సైజు. పొద్దున్నా సాయంత్రం కండరాలు సాగదీయడం వేరే. ఇంట్లో ఎవరు ఎత్తుకున్నా, అన్నారు. మా ఇంటి గోడలు లంక చివరిదాకా ఉన్నాయని ఆవిడకి తెలియదు.

పిల్ల పుట్టినప్పుడే మా అత్తగారు దేవుని ముందు ఒక మాట పెట్టుకున్నారు. ఇది తన కాళ్ల మీద నిలబడిన నాడు సంఘమంతటినీ పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టి భోజనాలు పెడతానని. నడక రాకపోవచ్చు అన్న మాట కూడా ఆవిడకి చెప్పాను. మనుషులు చెప్పేది మనుషులు చెప్తారులే అన్నారు. నిలబెట్టి ఎత్తుకోవాలన్న మాట మాత్రం గట్టిగా పట్టుకున్నారు. రేవులో చెప్పారు, కుళాయి దగ్గర చెప్పారు, ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

ఎవరూ కాదనలేదు. మా వాళ్లు ఏ మాటా కాదనరు. ఎక్కడ కనబడినా చంకల కింద చేతులు వేసి నిటారుగా పట్టుకుని, పాదాలు నేలకి తాకీ తాకకుండా ఆనించి, "నిలబడిందండి" అని నాకు చూపించి, అప్పుడు ఎత్తుకునేవారు. పిల్లకి అదొక ఆట. పడవ నడిపే బాబాయ్‌గారైతే నిలబెట్టిన ప్రతిసారీ, "నా పడవలో కూర్చున్నోళ్లకే చోటమ్మా, నిలబడ్డోళ్లు ఇంకో పడవ చూసుకోవాలి" అనేవారు. అది పడీ పడీ నవ్వేది. పిల్ల నవ్వుతోంది, అందరూ చేస్తున్నారు. నేనూ అలాగే పట్టుకునేదాన్ని, నొప్పి పుడుతుందేమోనని ఇంకాస్త పైకి.

ఒక ఆదివారం చర్చిలో మా అత్తగారు సాక్ష్యం చెప్పడానికి లేచారు. మనవరాలు నిలబడుతోందని చెప్పి నా వైపు చెయ్యి చూపించారు. ఇద్దరు ఆడవాళ్లు నా ఒళ్లోంచి పిల్లని తీసుకుని ముందుకి నడిపించుకెళ్లినట్టుగా తీసుకెళ్లి, చెరోవైపూ చంకల కింద పట్టుకుని నిలబెట్టారు. సంఘమంతా స్తోత్రం చెప్పారు, చప్పట్లు కొట్టారు. పాస్టర్ గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ వారంలోనే మా ఇంట్లో కూడిక పెట్టారు. వాకిట్లో షామియానా వేశారు, కోడికూర వండించారు, వచ్చినవాళ్లలో ఒకరు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చారు. నేను పప్పు వడ్డించాను. ఎవరో ఫోనులో తీసిన ఫోటోలో నేనూ ఉన్నాను, గరిటె పట్టుకుని. అందరి మొహాలూ వెలుగుతున్నాయి. నా మొహం ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టుగా ఉంది.

ఆ గురువారం మా అత్తగారు తనూ వస్తానని బయల్దేరారు. ఉతికిన తెల్లచీర కట్టుకుని, మేడమ్ గారి కోసం పూతరేకుల పెట్టె పాత పేపర్లో చుట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు. గదిలోకి వెళ్లగానే, "మీ చేతి చలవేనండి, మా మనవరాలు నిలబడుతోందండి" అని తనే చంకల కింద పట్టుకుని చూపించారు.

మేడమ్ కాసేపు చూశారు. పెట్టెకి చుట్టిన పేపరు విప్పి, నేల మీద పరిచి, పాప పాదాలు దాని మీదకి వచ్చేలా జరపమన్నారు. మా అత్తగారు జరిపారు. ఆవిడ వంగి పేపరు చివర పట్టుకుని లాగారు. పేపరు మొత్తం వచ్చేసింది. పాప పాదాలు ఉన్నచోటే ఉన్నాయి. మళ్లీ పెట్టి లాగారు. మళ్లీ వచ్చేసింది, కనీసం నలగలేదు.

"బరువంతా మీ చేతుల మీదే ఉందండి, పెద్దమ్మగారూ. కాళ్లకి పని లేదు" అన్నారు మెల్లిగా.

"మరి వదిలేత్తే పడిపోద్ది కదండీ?"

"పడబోతుందండి. పడబోయినప్పుడు పట్టుకోండి. ముందే పట్టేసుకుంటే అవి ఎప్పటికీ నేర్చుకోవు."

మా అత్తగారు పిల్లని నా చేతికిచ్చి, ఆ పేపరు తీసుకుని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకున్నారు. మేడమ్ నాకు చంకలు వదిలి తుంటి దగ్గర ఎలా పట్టుకోవాలో, మోకాళ్లు వంగకుండా వెనక నుంచి గుడ్డ పట్టీలు ఎలా కట్టాలో చూపించారు. ఆటోలో రేవుకి వచ్చాం. పడవలో కూర్చున్నాక మా అత్తగారు నీళ్ల వైపు చూస్తూ, "అందరూ చప్పట్లు కొట్టేరు కదమ్మా" అన్నారు.

ఓదార్చాల్సిన చోటని తెలుస్తోంది. చెయ్యి తీసి ఆవిడ భుజం మీద వేద్దామనుకున్నాను. పిల్ల కింద నా చెయ్యి తిమ్మిరెక్కి ఉంది.

మావారు అరుగు మీద రెండు స్తంభాలకీ అడ్డంగా, పాప ఛాతీ ఎత్తులో సరుగుడు గెడ కట్టారు. పట్టీలు కట్టి దాని దగ్గర నిలబెట్టేదాన్ని. కాళ్లు వణికేవి. చెమట్లు పట్టేవి. ఏడుపు మొదలయ్యేది. నేను పక్కనే కూర్చుని, పడబోతే పట్టుకుని, మళ్లీ నిలబెట్టేదాన్ని. ఏడుస్తున్న పిల్లని చూస్తూ ఎలా ఉన్నావని తరవాత చాలామంది అడిగారు. ఉన్నాను, అంతే. ఆ మొద్దుబారిన చోటు ఆ పనికి పనికొచ్చింది. అందుకు కూడా వందనాలు చెప్పుకున్నాను.

మా అత్తగారు మాత్రం ఆ రోజు నుంచీ పిల్లని ముట్టుకోలేదు. పెరటి వైపు తిరిగి కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతూ ఉండేవారు. పిల్ల "మామ్మా" అని సాగదీసి పిలిచేది. వస్తున్నా అనేవారు, రాకుండా. రేవులో, చర్చిలో ఎవరైనా చేతులు చాపితే, నేను ఇప్పుడు వద్దండి అని చెప్పాల్సి వచ్చేది. చాపిన చేతులు ఒక్క క్షణం అలాగే ఉండి వెనక్కి వెళ్లేవి. ఒకరిద్దరు మా ఇంటికి రావడం తగ్గించారు.

ఒక పొద్దున్న పక్కింటావిడ దడి మీంచి చూసి, "పిల్లని గెడకి కట్టేసి వంట చేసుకుంటున్నావేంటమ్మా, అదేవన్నా బీరపాదా?" అంది. నేను జవాబు చెప్పేలోగా పెరట్లోంచి మా అత్తగారి గొంతు వచ్చింది.

"మా బీరపాదు సంగతి మేం చూసుకుంటామండి. మీ కోళ్లు మా పెరట్లో పడి తింటున్నాయి, ముందవి చూసుకోండి."

పిల్లకి ఆ మాట నచ్చింది. బీ-ర-పా-దు అని గెడ పట్టుకునే విడివిడిగా అని, నవ్వింది. నవ్వుతుంటే కాళ్లు ఇంకా వణికాయి. ఆ సాయంత్రం నేను నీళ్లు పట్టుకుని వచ్చేసరికి మా అత్తగారు గెడ కింద బాసింపట్టు వేసుకుని ఉన్నారు. పిల్ల పాదాల కింద పోయినేడాది చర్చి క్యాలెండరు కాగితం ఉంది. ఆవిడ దాని మూల పట్టుకుని లాగుతున్నారు. వచ్చేసింది. మళ్లీ పెట్టారు. నేను బిందె దింపుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆ క్యాలెండరులో నెలలు ఒక్కొక్కటే నలిగిపోయాయి. చాలా వారాలు కాగితం ఊరికే వచ్చేసేది. తరవాత కుడి కాలి కింద చిరగడం మొదలైంది, ఎడమ కాలి కింద మాత్రం వచ్చేసేది. మేడమ్ ఆ చిరిగిన కాగితం చూసి, ఎడమ వైపు పట్టీ మార్చి కట్టారు. ఇంకా నిలకడ లేదనీ, చేతులు వదిలేస్తోందనీ, లంగా మార్చేంతసేపు రావడానికి చాలా పడుతుందనీ చెప్పారు. ఆయ్, అన్నాను. మా అత్తగారూ అన్నారు.

గోదారికి వరద ఎర్రనీరు వచ్చింది. పాయలో పడవలు ఆపేశారు, కొన్ని గురువారాలు వెళ్లలేకపోయాం. వరద కాస్త తీసి పడవలు తిప్పడం మొదలుపెట్టాక వెళ్లి వస్తున్న రోజు. వాన ఆగి ఆగి పడుతోంది. పడవ నిండా జనం. సగం దారిలో నా ఒడి వెచ్చగా తడిసింది. పాప మొహం నా భుజంలో దాచుకుంది. పైనుంచి వాన, చలికి వణుకుతోంది. గట్టు మీద మా అత్తగారు గొడుగు వేసుకుని, సంచిలో పొడిబట్టలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. వరద రోజుల్లో ఆవిడ అలా ఎదురు రావడం అలవాటే.

ఇలాంటప్పుడు రేవులో ఏం జరుగుతుందో నాకు తెలుసు, పిల్లకీ తెలుసు. ఎవరో ఒకరు దాన్ని గాలిలో ఎత్తి పట్టుకుంటారు, నేను లంగా లాగుతాను, రేవులో ఉన్నవాళ్లందరూ అయ్యో పాపం అంటూ చూస్తారు. పడవ ఒండ్రులోకి వచ్చి ఆగగానే బాబాయ్‌గారు కిందికి దూకి చేతులు చాపారు. గట్టు మీంచి ఇంకో రెండు జతల చేతులు వచ్చాయి.

పాప నా భుజం మీంచి మొహం తీసి, "ఎ-త్తొ-ద్దు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది మా అత్తగారికి. ఆవిడ గొడుగుతో సహా ఒండ్రులోకి దిగి వచ్చి, "చేతులు దించండి బాబూ. నిలబడుద్ది" అన్నారు.

బాబాయ్‌గారు చేతులు దించి, ఏం చెయ్యాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు. నేను దిగి, పాపని పడవ అంచుకి ఎదురుగా దింపాను. తను అంచు పట్టుకుంది. తుంటి దగ్గర పట్టుకున్నాను, కాసేపటికి ఒక చెయ్యి తీశాను, తరవాత రెండోది తీశాను. కాళ్లు వణుకుతున్నాయి. మా చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే ఇటు వీపులు తిప్పి, గొడుగులు దించి దడిలాగా నిలబడ్డారు. ఖాళీగా ఉండలేని చేతులకి గొడుగులు పట్టుకునే పని దొరికింది.

తడి లంగా నడుము దగ్గర వదులు చేసి కిందికి దించాను. పాదాల చుట్టూ కుప్పగా పడింది. పక్కకి తీసేద్దామని లంగా అంచు పట్టుకుని లాగాను. రాలేదు. ఒండ్రుకి అంటుకుందేమోనని ఇంకాస్త గట్టిగా లాగాను.

"అమ్మా, లా-గ-కు" అంది పాప. "నిల-బడ్డాను."

అంచు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా అత్తగారు వంగి, నా పక్కనుంచి చెయ్యి పెట్టి, ఎడమ కాలి వైపు గుడ్డ మూల పట్టుకుని, క్యాలెండరు కాగితం లాగినట్టే లాగి చూశారు. రాలేదు. వదిలేశారు. "ఆయ్" అన్నారు, ఎవరితోనో గాని.

లంగా కాళ్ల కిందే వదిలేసి, పొడి లంగా తల మీంచి తొడిగి నడుము దగ్గరికి దించాను. నాడా ముడి వేశాను. అప్పుడు మోకాళ్లు వంగాయి. పట్టుకున్నాను. గట్టు ఎక్కడానికి జారుడుగా ఉందని బాబాయ్‌గారు ఎత్తుకున్నారు. "ఈసారి నుంచి నిలబడ్డోళ్లకి కూడా చోటుందిలే" అన్నారు. పాప నవ్వలేదు, అలసిపోయి ఆయన భుజం మీద పడుకుంది. ఒండ్రులోంచి లంగా పెరికి తీశాను. దాని కింద రెండు పాదాల గుంటలు పడ్డాయి, చూస్తుండగానే నీళ్లు నిండాయి.

ఆదివారం మా అత్తగారు సాక్ష్యం చెప్పలేదు. మళ్లీ కూడిక పెడదామా అని మావారు అడిగితే, దేవుడికి ఒకసారి తప్పు లెక్క చెప్పాం, ఈసారి ఆయనే చూశాడు కదా అన్నారు.

రేవు నుంచి ఇంటికొచ్చిన రోజే ఆ లంగా ఉతికాను. పాదాలు ఆనినచోట మట్టి బాగా పట్టేసింది, సబ్బు పెట్టి రుద్దినా చాయ పోలేదు. ఇది ఇచ్చినందుకు వందనాలు అని చెప్పుకున్నాను, రోజూ చెప్పుకున్నట్టే. చెప్పి, ఆ రోజు మాత్రం కాసేపు ఆగాను, లోపల ఏమైనా కదులుతుందేమోనని. నీళ్ల చప్పుడు, పెరట్లో కోళ్ల చప్పుడు వినిపించాయి. లంగా పిండి దండెం మీద ఆరేసి, పాపకి లంగా మార్చే వేళైందని గెడ దగ్గరికి వెళ్లాను.